ట్యూబ్ ఎన్నాళ్లు పనిచేస్తుంది, డాక్టర్ గారూ?

(గ్లకోమా రోగులు, వారి కుటుంబ సభ్యుల కోసం జరిగిన అవగాహన సభలో ఒక గ్లకోమా సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ట్యూబ్ ఆపరేషన్ చెయ్యాలి అనగానే మీలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఎన్నాళ్లు పనిచేస్తుందనే. కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. నా దగ్గర ఒక అంకె ఉంది. పెద్ద పరిశోధనల్లో ఐదేళ్లు గడిచాక చూస్తే, ట్యూబ్ వేసిన ప్రతి 100 కళ్లలో సుమారు 50 నుంచి 70 కళ్లలో అది ‘సక్సెస్’ కింద లెక్క. మిగతావి ‘ఫెయిల్’. అంకె విన్నారు కదా అని ఇప్పుడే టెన్షన్ పడకండి. ఆ సక్సెస్ అనే మాటను ఎలా కొలిచారు, ఫెయిల్ అయిన కంటికి ఆ తర్వాత ఏమవుతుంది, ఇవి తెలియకుండా ఆ అంకె దేనికీ పనికిరాదు. ఈరోజు నేను చెప్పబోయేదంతా అదే.

ముందు కన్ను సంగతి. కంటి లోపల ఒక పలచటి నీరు నిమిషానికి రెండున్నర మైక్రోలీటర్ల చొప్పున ఊరుతూ ఉంటుంది. ఊరినంతా కంటి అంచులో ఉండే సన్నటి జల్లెడలాంటి కణజాలం గుండా బయటికి వెళ్లిపోవాలి. ఆ దారి మూసుకుపోతే ప్రెషర్ పెరుగుతుంది, కంటి నరం నలుగుతుంది. నలిగిన నరం మళ్లీ రాదు. నీటికాసులు అని పెద్దవాళ్లు అనే జబ్బు ఇదే. చుక్కల మందులు, లేజర్, తెల్లగుడ్డులో నీటికి చిన్న దారి చేసే ట్రాబెక్యులెక్టమీ అనే ఆపరేషన్, ఇవన్నీ చేసినా ప్రెషర్ దిగనప్పుడు మేం ట్యూబ్ మాట ఎత్తుతాం. కొన్ని కళ్లలో మొదటే ఎత్తుతాం. షుగర్ వల్లో, రెటీనా రక్తనాళం మూసుకుపోవడం వల్లో కంట్లో కొత్త రక్తనాళాలు పుట్టి వచ్చే గ్లకోమా అలాంటిది. కంటి లోపలి వాపుతో వచ్చేది, కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, మార్పిడి తర్వాత వచ్చేది, పుట్టుకతో వచ్చి మొదటి ఆపరేషన్లకు లొంగనిది, ఇవీ ఆ కోవలోవే. వీటిని మొండి గ్లకోమా అంటాం.

ట్యూబ్ అంటే ఏమిటో చూద్దాం. అర మిల్లీమీటరు కంటే కొంచెం లావుగా ఉండే సిలికాన్ గొట్టం. ఒక కొస కంటి లోపల ఉంటుంది. రెండో కొస ఒక ప్లేట్‌కు అతికి ఉంటుంది. ఆ ప్లేట్‌ను తెల్లగుడ్డు మీద, నల్లగుడ్డు అంచు నుంచి 8 నుంచి 10 మిల్లీమీటర్లు వెనక్కి, పై రెప్ప చాటున కుట్టేస్తాం. బయటికి కనపడదు. లోపలి నీరు గొట్టం గుండా ప్లేట్ దగ్గరికి చేరి, అక్కడి నుంచి చుట్టుపక్కల కణజాలంలోకి ఇంకిపోతుంది.

వినడానికి ఇంత తేలికైన ఆలోచన నిలబడడానికి చాలా ఏళ్లు పట్టింది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలోనే గుర్రపు వెంట్రుకతో, పట్టుదారంతో కంట్లోంచి నీటికి దారి పెట్టి చూశారు. ఏదీ నిలవలేదు. బయటి కొస చుట్టూ మచ్చకట్టి దారి మూసుకుపోయేది. 1969లో దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్న ఆంథనీ మోల్టెనో అనే డాక్టరు, గొట్టం చివర ఒక ప్లేట్ పెడితే మచ్చ కట్టినా దాని కింద నీరు చేరడానికి ఖాళీ మిగులుతుంది కదా అని ఆలోచించాడు. తర్వాత ఆ ప్లేట్‌ను కంటి వెనక్కి జరిపి, గొట్టాన్ని పొడవు చేశాడు. ఈరోజు మనం వాడేవన్నీ ఆ ఆలోచనకు పిల్లలే. 1990 దశకం మొదట్లో రెండు రకాలు వచ్చాయి. బేర్‌వెల్ట్ అనేదాంట్లో వాల్వ్ ఉండదు, ప్లేట్ పెద్దది. ఎక్కువగా వాడే సైజు 350 చదరపు మిల్లీమీటర్లు. అహ్మద్ వాల్వ్‌లో, పేరులోనే ఉంది, వాల్వ్ ఉంటుంది. ప్లేట్ 184 చదరపు మిల్లీమీటర్లు. మదురైలోని ఆరోల్యాబ్ తయారుచేసే ఇంప్లాంట్ బేర్‌వెల్ట్ పద్ధతిలోదే. దాంట్లోనూ వాల్వ్ ఉండదు.

ఇక అసలు విషయం. చాలామంది గొట్టం అరిగిపోతుందేమో, పాడైపోతుందేమో అనుకుంటారు. సిలికాన్ అరగదు. ఆపరేషన్ ఫలితాన్ని తేల్చేది మీ ఒళ్లే. కాల్లో ముల్లు విరిగి ఉండిపోతే దాని చుట్టూ కండ గట్టిపడుతుంది కదా, ప్లేట్ చుట్టూ కూడా అలాగే ఒక తిత్తి కడుతుంది. నాలుగు నుంచి ఆరు వారాల్లో అది ఏర్పడుతుంది. నీరు ఆ తిత్తి గోడ గుండానే ఇంకాలి. గోడ పలచగా ఉంటే ప్రెషర్ బాగా దిగుతుంది. మందంగా కడితే గొట్టం తెరిచే ఉన్నా ప్రెషర్ దిగదు. ఎవరికి పలచగా కడుతుంది, ఎవరికి మందంగా కడుతుంది అనేది ముందుగా చెప్పగలిగితే నా ఉద్యోగం చాలా హాయిగా ఉండేది. (నవ్వులు) కొన్ని సూచనలు మాత్రం ఉన్నాయి. వయసు తక్కువైతే, ఇంతకుముందు చాలా ఆపరేషన్లు అయి ఉంటే, కంట్లో వాపు ఉంటే, కొత్త రక్తనాళాలు ఉంటే గోడ మందంగా కట్టే అవకాశం ఎక్కువ.

ఆపరేషన్ అయిన తొలి రెండు మూడు నెలలు అంత గందరగోళంగా ఎందుకుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. వాల్వ్ లేని ఇంప్లాంట్‌లో తిత్తి కట్టేలోపు నీటిని వదిలేస్తే అంతా ఒక్కసారిగా వెళ్లిపోయి కన్ను మెత్తబడిపోతుంది. అందుకే గొట్టాన్ని కరిగిపోయే దారంతో గట్టిగా కట్టేస్తాం. ఆ దారం వారాల తర్వాత తనంతట తానే కరిగి గొట్టం తెరుచుకుంటుంది. అప్పటిదాకా ప్రెషర్ ఎక్కువే ఉంటుంది, చుక్కల మందులు మానకూడదు. "ఆపరేషన్ చేశారు, ప్రెషర్ దిగలేదు, డబ్బు దండగ" అని కోపంగా వచ్చినవాళ్లకు నేను ఇదే చెబుతాను. అహ్మద్ వాల్వ్‌లో అలా కాదు, ఆ రోజే పనిచేస్తుంది. కానీ నెల, రెండు నెలల మధ్యలో తిత్తి గట్టిపడుతూ ప్రెషర్ మళ్లీ పెరుగుతుంది. ఇది ఆ ఇంప్లాంట్‌లోనే ఎక్కువ. ప్రెషర్ పెరిగేదాకా చూడకుండా ముందే నీటి ఊటను తగ్గించే చుక్కలు మొదలుపెడితే ఆ దశ తేలికగా గడుస్తుందని పరిశోధనల్లో కనిపించింది. నేనూ అలాగే చేస్తాను.

ఇప్పుడు ఐదేళ్ల లెక్కలకు వద్దాం. వెనక వరుసలో కూర్చున్న పీజీ పిల్లలు ఇది కాస్త శ్రద్ధగా వినండి, పరీక్షకే కాదు, పేషెంట్‌తో మాట్లాడడానికీ కావాలి.

టీవీటీ అనే పరిశోధన అందరూ చెప్పేది. ట్యూబా, ట్రాబెక్యులెక్టమీయా అన్న పోటీ. 212 మంది రోగులు. అందరికీ అంతకుముందే శుక్లం ఆపరేషన్ గానీ, ట్రాబెక్యులెక్టమీ గానీ, రెండూ గానీ అయ్యాయి. సగం మందికి 350 సైజు బేర్‌వెల్ట్ వేశారు, మిగతా సగానికి మచ్చకట్టడాన్ని తగ్గించే మైటోమైసిన్ మందుతో ట్రాబెక్యులెక్టమీ (పొట్టిగా ట్రాబ్ అంటాం) చేశారు. ఐదేళ్లకు ట్యూబ్ వైపు ప్రెషర్ సగటున 14.4 (పాదరసం మిల్లీమీటర్లలో), ట్రాబ్ వైపు 12.6. ఇద్దరికీ సగటున ఒకటి, ఒకటిన్నర మందులు. ఇంతవరకు చూస్తే ట్రాబ్ కాస్త ముందున్నట్టుంది. కానీ ఫెయిల్ అయినవి ట్యూబ్‌లో 29.8 శాతం, ట్రాబ్‌లో 46.9 శాతం. గ్లకోమా కోసం మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది ట్యూబ్‌లో 9 శాతానికి, ట్రాబ్‌లో 29 శాతానికి. అదివరకు కత్తి తగిలిన కంటికి ట్యూబ్ వైపు ప్రపంచమంతా మొగ్గడానికి పెద్ద కారణం ఈ అంకెలే.

అలాగని ట్యూబే అన్నిటికీ మందు అనుకోకండి. ఇంతవరకు ఆపరేషన్ అవని కళ్లలో ఇదే పోటీ మళ్లీ పెట్టారు. ఐదేళ్లకు ఫెయిల్ అయినవి ట్యూబ్‌లో 42 శాతం, ట్రాబ్‌లో 35 శాతం. ట్యూబ్ వేసినవాళ్లకు మందులూ ఎక్కువే పట్టాయి. అంటే ఏ కన్ను అన్నదాన్ని బట్టి జవాబు మారిపోయింది. మా ఫలానా బంధువుకి ట్యూబ్ బాగా పనిచేసింది, నాకూ అదే వెయ్యండి అని అడిగేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకుంటే చాలు.

ఇంకో చిక్కుంది. టీవీటీలో బాగా మొండి కళ్లను తీసుకోలేదు. కొత్త రక్తనాళాలు ఉన్నవి, తరచూ వాపు వచ్చేవి అందులో లేవు. వాటి సంగతి తెలియాలంటే అహ్మద్‌కీ బేర్‌వెల్ట్‌కీ పోటీ పెట్టిన రెండు పరిశోధనలు చూడాలి. రెండూ కలిపి 514 మంది. ఐదేళ్లకు అహ్మద్ వేసిన కళ్లలో 49 శాతం, బేర్‌వెల్ట్ వేసినవాటిలో 37 శాతం ఫెయిల్ కింద తేలాయి. ప్రెషర్ అహ్మద్‌లో సగటున 15.8, బేర్‌వెల్ట్‌లో 13.2. పెద్ద ప్లేట్, పెద్ద తిత్తి, ఎక్కువ నీరు ఇంకుతుంది. లెక్క సరిపోయింది.

మరి అందరికీ పెద్ద ప్లేటే వేసేస్తే పోలా? ఆగండి. ఎందుకు ఫెయిల్ అయ్యాయో చూస్తే కథ మారుతుంది. ఆ రెంటిలో ఒక పరిశోధనలో, అహ్మద్ ఫెయిల్ అయిన కళ్లలో 80 శాతం ప్రెషర్ అదుపు తప్పడం వల్ల, లేదా గ్లకోమాకు మళ్లీ ఆపరేషన్ అవసరం కావడం వల్ల ఫెయిల్ అయ్యాయి. బేర్‌వెల్ట్‌లో మాత్రం దాదాపు సగం, 47 శాతం, ప్రెషర్ మరీ పడిపోయి అలాగే ఉండిపోవడం, ఇంప్లాంట్ తీసేయాల్సి రావడం, వెలుతురు కూడా తెలియకుండా చూపు పోవడం, ఈ మూడింటిలో ఏదో ఒక దానివల్ల. ప్రెషర్ 23కి చేరితే ఇంకో చుక్కల మందు వేస్తాను, లేదా ఇంకో మార్గం చూస్తాను. కన్ను మెత్తబడి ముడుచుకుపోతే చెయ్యగలిగింది తక్కువ. నా వరకు, ఒక్క కన్నే మిగిలిన పెద్ద వయసు వారికీ, వాపు జబ్బుతో నీటి ఊటే తగ్గిన కంటికీ వాల్వ్ ఉన్నదే వేస్తాను, ఐదేళ్ల సగటు కాస్త తక్కువైనా సరే. వయసులో ఉండి, నరం బాగా దెబ్బతిని, ప్రెషర్ బాగా కిందికి దిగాల్సిన వారికి పెద్ద ప్లేట్ వైపు మొగ్గుతాను. ఇంకో సర్జన్ వేరేలా చెప్పొచ్చు, అది తప్పేం కాదు.

ఈ పరిశోధనల్లో ఫెయిల్ అంటే ఏమిటో చెప్పాలి కదా. మూడు నెలల తర్వాత వరుసగా రెండు సార్లు ప్రెషర్ హద్దు దాటినా, ఆపరేషన్‌కు ముందున్న దానికంటే 20 శాతం తగ్గకపోయినా ఫెయిలే. 5 గానీ అంతకంటే తక్కువ గానీ అయినా ఫెయిలే. గ్లకోమా కోసం మళ్లీ ఆపరేషన్ చేసినా, ఇంప్లాంట్ తీసేసినా, చూపు పూర్తిగా పోయినా ఫెయిలే. అన్నీ ఒకే గంపలో. కాబట్టి ఫెయిల్ అయిన సగంలో చాలామంది ఇప్పటికీ పేపర్ చదువుకుంటూ ఉండొచ్చు. అటువైపు, సక్సెస్ అయినవారిలోనూ కొందరికి చూపు తగ్గి ఉండొచ్చు. రెటీనా జబ్బు దాని దారిన అది పోతుంది, కార్నియా దాని దారిన అది. కొత్త రక్తనాళాల గ్లకోమాలో ఇది మరీ ఎక్కువ. అక్కడ ట్యూబ్ పనిచేస్తూనే ఉంటుంది, షుగర్ తిన్న రెటీనా మాత్రం చూపును తీసుకుపోతుంది. ఆ రోగులు రెటీనా లేజర్, ఇంజెక్షన్లు మానేసి ట్యూబ్ మీదే భారం వేస్తే నాకు కోపం వస్తుంది, ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

సగటు ప్రెషర్ 13, 14 దగ్గర ఉండడం వల్ల నిజంగా నరం నిలుస్తుందా అని మీకు అనుమానం రావొచ్చు. ముదిరిన గ్లకోమా మీద జరిగి 2000లో వచ్చిన ఏజిఐఎస్ అనే పరిశోధన దీనికి దగ్గరి జవాబు. ప్రతి చెకప్‌లోనూ ప్రెషర్ 18 కంటే తక్కువ ఉన్న కళ్లలో, సగటు సుమారు 12 ఉన్నచోట, ఆరేళ్ల తర్వాత కూడా ఫీల్డ్ టెస్ట్, అంటే చుట్టూ ఎంత మేర కనపడుతుందో చూసే పరీక్ష, మొత్తమ్మీద దాదాపు అలాగే నిలిచింది. ప్రతి చెకప్‌లోనూ అన్న మాట వదిలెయ్యకండి. ఒకసారి 12, ఇంకోసారి 24 ఉంటే సగటు 18 వస్తుంది, నరానికి మాత్రం ఆ 24 కూడా తగులుతుంది.

ఇప్పుడు నన్ను ఎక్కువ భయపెట్టేదాని గురించి. తొలి నెలల్లో వచ్చే ఇబ్బందులు, రక్తం గడ్డకట్టి గొట్టం మూసుకోవడం, కంటి లోపలి పొరల కింద నీరు చేరడం వంటివి, మీరు మా కళ్లముందే ఉంటారు కాబట్టి పట్టుకుంటాం. ఏళ్ల తర్వాత వచ్చేవి వేరు. అవి చప్పుడు చెయ్యవు.

మొదటిది కార్నియా. నల్లగుడ్డు అద్దం లోపలివైపు ఒకే వరుస కణాలు ఉంటాయి. కార్నియాలోంచి నీటిని తోడేసి దాన్ని స్వచ్ఛంగా ఉంచేది అవే. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు 2500 దాకా ఉంటాయి. పోయినవి మళ్లీ పుట్టవు. 500 కంటే దిగువకు పడితే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. ట్యూబ్ కొస కార్నియాకు ఎంత దగ్గరగా ఉంటే కణాలు అంత వేగంగా పోతాయి. టీవీటీలో ఐదేళ్లకు కార్నియా వాపు తగ్గకుండా ఉండిపోయిన వారు ట్యూబ్‌లో 16 శాతం, ట్రాబ్‌లో 9 శాతం. అందుకే శుక్లం ఆపరేషన్ అయి లెన్స్ పెట్టిన కంట్లో గొట్టాన్ని ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వెనక్కి పెట్టడం ఇప్పుడు పెరిగింది. విట్రెక్టమీ అయిన, అంటే లోపలి జెల్లీలాంటి పదార్థం తీసేసిన కంట్లో ఇంకా వెనక నుంచి కూడా పెడతాం. కార్నియా మార్చాల్సి వస్తే మార్చొచ్చు, కానీ ట్యూబ్ ఉన్న కంట్లో కొత్త కార్నియా ఆయుష్షు మామూలు కన్నా తక్కువ.

రెండోది, ట్యూబ్ బయటపడడం. గొట్టం మీద దాత నుంచి వచ్చిన స్క్లీరా (తెల్లగుడ్డు) ముక్కో, కార్నియా ముక్కో కప్పి, దానిమీద కంటి పలచటి పొర కుడతాం. ఏళ్లకేళ్లు రెప్ప రాసుకుంటూ ఉంటే ఆ ముక్క కరిగి, పై పొర చిరిగి గొట్టం బయటికి కనిపిస్తుంది. టీవీటీలో ఇది 5 శాతం. కింది రెప్ప వైపు వేసిన ట్యూబుల్లో ఎక్కువ. ఒకసారి గాలి తగిలిందంటే, బయటి క్రిములకు కంటి లోపలికి దారి దొరికినట్టే. లోపల ఇన్‌ఫెక్షన్ వస్తే రోజుల్లో కన్ను పోవచ్చు. కొందరికి ఎర్రబడుతుంది, నలుసు పడ్డట్టు గుచ్చుకుంటుంది. కొందరికి ఏమీ తెలియదు! మామూలు చెకప్‌లో రెప్ప ఎత్తి చూస్తే తప్ప బయటపడదు. మొదటి ఏడాది నెలనెలా వచ్చి, అంతా బావుందని నాలుగో ఏడు మానేసేవారిని చూస్తే నాకు గుబులు అందుకే. సరిగ్గా అప్పుడే ఇవి మొదలవుతాయి.

మూడోది ఒకటి రెండుగా కనపడడం. ప్లేట్, దాని మీది తిత్తి కంటి కండరాల పక్కన ఉంటాయి కాబట్టి కొందరిలో కన్ను తిరగడం తేడా వస్తుంది. ప్రిజం అద్దాలతో చాలామందికి సరిపోతుంది.

పిల్లల సంగతి వేరే సభ పెట్టుకోవాల్సినంత ఉంది. ఒక్కటి మాత్రం చెబుతాను. కన్ను పెరుగుతుంది, గొట్టం పెరగదు. అది వెనక్కి లాక్కుపోవచ్చు, లేదా పక్కకు తిరిగి కార్నియాకు తగలొచ్చు. వాళ్లకు మత్తు ఇచ్చి పరీక్షలు తప్పవు, అవి చాలా ఏళ్లు సాగుతాయి.

టైమ్ అయిందంటున్నారు. ప్రశ్నలు అడగండి.

ఒక శ్రోత: ట్యూబ్ వేశాక చుక్కలు పూర్తిగా మానెయ్యొచ్చా అండీ?

కొందరు మానేస్తారు. ఎక్కువమందికి ఒకటో రెండో మందులు కొనసాగుతాయి. దాన్ని ఓటమి అనుకోవద్దు అమ్మా. మూడు నాలుగు మందులతో 30 ఉన్న ప్రెషర్, ఒక్క మందుతో 14కి వచ్చిందంటే ఆపరేషన్ తన పని చేసినట్టే.

ఇంకొక శ్రోత: ఇది ఫెయిల్ అయితే ఇంకేం లేదా సార్?

ఉంది బాబూ. ముందు చుక్కలు పెంచుతాం. తిత్తి మరీ మందంగా ఉంటే కొందరిలో దాన్ని కొంత కోసి తీస్తాం, కానీ అది మళ్లీ కడుతుంది, నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. రెండో ట్యూబ్ ఇంకో మూలన వెయ్యొచ్చు. లేదా లేజర్‌తో నీరు ఊరే భాగాన్నే కొంత కాల్చి ఊట తగ్గించొచ్చు. కార్నియా బలహీనంగా ఉన్న కంట్లో రెండో గొట్టం పెట్టడానికి వెనకాడి లేజర్ వైపు వెళ్తాం. మిగిలిన చూపు ఎంత, ఇంకో కన్ను ఎలా ఉంది, మీరు చెకప్‌కు వచ్చే దూరమెంత, ఇవన్నీ ఆ నిర్ణయంలోకి వస్తాయి.

ఒక అమ్మాయి: మా నాన్నగారికి ట్యూబ్ ఉంది. ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలి?

మంచి ప్రశ్న తల్లీ. నొప్పి, ఎర్రదనం, ఊసులు, చూపు హఠాత్తుగా మసకబారడం. ఈ నాలుగింటిలో ఏది వచ్చినా ఆ రోజే చూపించాలి. మందుల షాపులో చుక్కలు కొని వేసి చూద్దాం అనుకోకూడదు. కన్ను నలపడం మాన్పించండి, ముఖ్యంగా నిద్రలో ఆ పక్కకు తిరిగి మోచెయ్యి కంటికి ఒత్తుకునే అలవాటు ఉంటే. ఇక ఏ లక్షణమూ లేకపోయినా చెకప్‌కు తీసుకురండి. అప్పుడు ప్రెషర్ ఒక్కటే చూసి పంపించేస్తే, రెప్ప ఎత్తి ట్యూబ్ చూడండి అని మీరే అడగండి. ఏ డాక్టరూ ఏమీ అనుకోడు.

ఇంకొక శ్రోత: కంట్లో ఇది ఉండగా ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

ఇందాక చెప్పిన ఇంప్లాంట్లలో లోహం లేదండీ, సిలికాన్ లేదా ప్లాస్టిక్. సాధారణంగా ఇబ్బంది ఉండదు. అయినా స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి, ఇంప్లాంట్ పేరు రాసి ఉన్న కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి. ఆ కార్డు పోగొట్టుకున్నవాళ్లు ఈసారి వచ్చినప్పుడు అడిగితే ఫైల్ చూసి మళ్లీ రాసిస్తాం.